గోడకు ఆరోసారి రంగు వేసిన రోజు

వాలంటీరు పనికి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను తరచూ అడుగుతుంటారు, "ఆంటీ, ఇన్నేళ్ళు ఇదే పని ఎలా చేశారు?" అని. సేవాభావంతో అని చెబితే వాళ్ళకు తృప్తిగా ఉంటుంది. కాని నేను రిటైరై ఏడాది దాటింది, ఇప్పుడిక ఎవరినీ తృప్తిపరచనక్కర లేదు. నిజం ఏమిటంటే చాలా రోజులు నన్ను పొద్దున్నే లేపి కారెక్కించింది కోపం. ముందురోజు జరిగిన ఏదో ఒక అన్యాయం మీద కోపం. కారు అద్దాల మీద మంచు గీక్కుంటూ, ఎవరికి ఏం జవాబు చెప్పాలో పైకే అనుకుంటూ వెళ్ళేదాన్ని. తీరా వెళ్ళాక ఫ్రిజ్‌లోంచి నీళ్ళు కారుతూ ఉండేవి. తుడిచేసరికి జవాబులు మరిచిపోయేదాన్ని.

అందుకని సేవలోని ఆనందం గురించి కాకుండా మీకు ఒక శుక్రవారం గురించి చెబుతాను. ఈ సంగతి చెప్పినప్పుడల్లా వినేవాళ్ళు మధ్యలో నవ్వుతారు. మీరూ నవ్వండి. కొన్ని చోట్ల నాకూ నవ్వొస్తుంది.

మాది న్యూజెర్సీలో, పార్సిప్పనీకి దగ్గర్లో, ఒక చర్చి బేస్‌మెంట్‌లో నడిచే ఫుడ్ ప్యాంట్రీ. ఇంట్లో సరుకులు నిండుకున్నవాళ్ళు వచ్చి బియ్యం, పప్పులు, పాలు, కూరగాయలు ఉచితంగా తీసుకువెళ్ళే చోటు. మా ఆయన ఉద్యోగం మీద ఈ దేశం వచ్చినప్పుడు నాది డిపెండెంట్ వీసా. ఇండియాలో కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినదాన్ని ఇక్కడ అపార్ట్‌మెంట్ కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తూ కూర్చున్నాను. జీతం తీసుకుని పని చేస్తే నేరమట. ఊరికే చేస్తే ఎవరికీ అభ్యంతరం లేదట. సరే అని ప్యాంట్రీలో ఏడేళ్ళు ఊరికే చేశాను. గ్రీన్ కార్డు వచ్చాక అదే పనికి, అదే కుర్చీలో కూర్చోబెట్టి, వాలంటీర్ కోఆర్డినేటర్ అని పేరు పెట్టారు. ఇంకో పద్దెనిమిదేళ్ళు చేశాను.

నాతో పాటు రోజూ ఉండేవాళ్ళు ఇద్దరు. ఒకాయన పోస్టాఫీసులో ఉత్తరాలు పంచి రిటైరైన అమెరికన్. ఆరడుగుల పైన మనిషి, నల్లజాతివాడు, మా వ్యాన్ నడిపేవాడు, బరువులన్నీ ఆయనే ఎత్తేవాడు. మాట చాలా తక్కువ. రెండో ఆయన మన తెలుగాయన. రైల్వే గూడ్స్ షెడ్డులో గుమాస్తాగా చేసి రిటైరై, ఏటా ఆరు నెలలు కూతురి దగ్గరికి వచ్చి ఉండేవారు. నేను బాబాయ్ గారూ అనేదాన్ని. జనం ఇచ్చిన డబ్బాల మీద తేదీలు చూసి, గడువు దాటినవి పక్కన పడేయడం ఆయన పని. భూతద్దం పెట్టుకుని కూర్చునేవారు.

మీరు ఎప్పుడైనా ప్యాంట్రీకి సరుకులు ఇస్తే దయచేసి బాబాయ్ గారిని తలుచుకోండి. ఎందుకంటే జనం ఏమిస్తారో ఆయన కళ్ళారా చూశారు. సగం వాడిన ఆవకాయ సీసా. ఎడమకాలి స్కీ బూటు ఒక్కటే. పుట్టినరోజు కేకు, దాని మీద ఎవరిదో పేరులో సగం. ఒకసారి ఒక సూపు డబ్బా తీసి చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "అమ్మా, ఇది మా మనవరాలి కంటే పెద్దది. దానికి నిరుడే డ్రైవింగ్ లైసెన్స్ వచ్చింది" అన్నారు. ఇంకోసారి ఇద్దరు దంపతులు పెద్ద బండి వేసుకుని వచ్చి పదిహేను అట్టపెట్టెలు దించి, రసీదు అడిగి, ఫోటో తీయించుకుని వెళ్ళారు. తెరిస్తే పన్నెండు పెట్టెల్లో పాత కర్టెన్లు. బాబాయ్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"దీన్ని దానం అనరమ్మా. ఇల్లు ఊడ్చుకోవడం అంటారు. మన గుమ్మంలోకి ఊడ్చారు, అంతే."

ఇక కంపెనీల వాళ్ళ సేవాదినాలు. మాకు మంగళవారం, గురువారం పంపిణీ. ఆ రెండు రోజులు పొద్దున్నే లారీ వస్తుంది. బస్తాలు దించడానికి నలుగురు మనుషులు వస్తే చాలు, మా పోస్టాయన నడుము బతికిపోతుంది. ఆ నలుగురి కోసం నేను ఎన్ని కంపెనీలకు ఎన్ని ఈమెయిల్స్ పంపానో నాకే తెలియదు. అందరిదీ ఒకే జవాబు: వర్కింగ్ అవర్స్‌లో కుదరదండీ, బరువులు ఎత్తడానికి మా ఇన్సూరెన్స్ ఒప్పుకోదండీ, శనివారం నలభై మందిమి వస్తాం, ఏదైనా 'యాక్టివిటీ' ఉందా అని.

శనివారం మాకు పనే ఉండదు. నలభై మందికి అంతకన్నా ఉండదు. కాని వద్దంటే ప్యాంట్రీని నడిపే మా బోర్డు ఊరుకోదు, ఆ కంపెనీలే ఏడాది చివర మాకు సాయం చేసేది. అందుకని హాల్లో తూర్పువైపు గోడ చూపించేదాన్ని. వాళ్ళు దానికి రంగు వేసేవాళ్ళు. ఒక కంపెనీ పసుపు వేసింది. రెండు నెలలకు ఇంకో కంపెనీ వాళ్ళ లోగో రంగు అని నీలం వేసింది. ఆ తర్వాత లేత ఆకుపచ్చ, మళ్ళీ పసుపు, తర్వాత తెలుపు. ఏ గోడకూ అంత సేవ జరిగి ఉండదు. పూతల మీద పూతలు పడి ఆ పక్కనున్న స్విచ్ నొక్కినా లైటు వెలిగేది కాదు. ఒక వానాకాలం సీలింగ్ కారితే బాగు చేయడానికి మాత్రం ఎవరూ రాలేదు. సీలింగ్ దగ్గర ఫోటో బాగా రాదు.

ఇప్పుడు ఆ శుక్రవారం వచ్చిన ఆమె సంగతి.

ముప్పై అయిదేళ్ళుంటాయేమో. మొదట నేను చూసింది ఆమెను కాదు, ఆమె కారును. రెండు వారాల పాటు మంగళ, గురువారాల్లో మా పార్కింగ్ లాట్‌లో చివరన వచ్చి ఆగేది. ఎవరూ దిగేవాళ్ళు కాదు. గంటసేపు ఉండి వెళ్ళిపోయేది. మూడో వారం నేనే వెళ్ళి అద్దం తట్టాను.

అద్దం దించి, నా ముఖం చూసి, ఇంగ్లీష్‌లో మొదలుపెట్టి మధ్యలో తెలుగులోకి వచ్చేసింది. "సారీ ఆంటీ, ఊకెనే పార్క్ చేసిన. వెళ్ళిపోత."

"వెళ్ళొద్దు. లోపల టీ ఉంది" అన్నాను.

టీ తాగలేదు. కప్పు చేతులతో పట్టుకుని కూర్చుంది. హెచ్-వన్ వర్క్ వీసా మీద ఉన్న మనిషి. ఆరేళ్ళు చేసిన కంపెనీలో లే ఆఫ్ చేశారు. పది నిమిషాల వీడియో కాల్‌లో చెప్పేశారట. అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే దేశం వదలాలి. భర్తకు పని చేసే పర్మిట్ లేదు. ఇద్దరు పిల్లలు, స్కూల్లో ఉన్నారు. ఉన్నదంతా అద్దెకీ లాయరుకీ దాచుకుని తిండి దగ్గర తగ్గించుకుంటూ వస్తోంది.

"ఇక్కడ పేరు రాసుకుంటే గ్రీన్ కార్డ్‌కి ఏమన్న ప్రాబ్లం అయితదా ఆంటీ?"

"మేం పేపర్లు అడగం. అడ్రసు, ఇంట్లో ఎంతమంది ఉన్నారో అడుగుతాం, అంతే."

"ఇంకొకటి. మా అపార్ట్‌మెంట్స్‌ల సగం మంది మా ఆఫీసోళ్ళే. ఎవరన్న చూస్తే…"

నాకు అర్థమైంది. అర్థమైందని గర్వం కూడా వేసింది. ఇలాంటివి చక్కబెట్టడంలో నాకు నేనే సాటి అనుకునేదాన్ని. శుక్రవారం పంపిణీ ఉండదు, పదింటికి వెనక తలుపు దగ్గరికి రా, ఈగ కూడా ఉండదు అన్నాను. మొదటి శుక్రవారం ఆమె వచ్చింది. నేనే స్టోర్‌రూమ్‌లో ఆమె సంచులు నింపాను. బాబాయ్ గారు తేదీ చూసి మరీ కందిపప్పు ఇచ్చారు. తలవంచుకుని వచ్చి తలవంచుకుని వెళ్ళిపోయింది. రెండో శుక్రవారం కూడా అలాగే.

మూడో వారంలో మా బోర్డు అధ్యక్షురాలు ఈమెయిల్ పంపింది. ఒక పెద్ద కంపెనీ వాళ్ళ సేవాదినం శనివారం నుంచి శుక్రవారానికి మార్చారు, పరవాలేదా అని. నేను ఫోన్‌లో చూసి, పరవాలేదు అని కొట్టాను. అప్పుడు నేను ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఉన్నాను. ఏ కంపెనీ అని చూశాను. ఆమె పని చేసిన కంపెనీ పేరు ఆమె నాకు చెప్పింది కూడా. రెండూ ఒకటేనని నా బుర్రకు తట్టలేదు. సగం నగరం పని చేసే కంపెనీ అది. ఇది సాకు కాదు. ఆమె విషయంలో నేను చేసిన తప్పుల్లో ఇది మొదటిదని చెప్పడం కోసం రాస్తున్నాను.

శుక్రవారం తొమ్మిదిన్నరకు ముప్పై ఎనిమిది మంది దిగారు. అందరికీ నారింజరంగు టీ షర్టులు, వాటి మీద చేతులు కలిపిన బొమ్మ. ఒక ఫోటోగ్రాఫర్. ముందు నడిచి వచ్చిన డైరెక్టర్ మన తెలుగువాడే, నలభై అయిదేళ్ళుంటాయి, మర్యాదస్తుడు. "నమస్తే ఆంటీ, మా టీమ్ చాలా ఎక్సైటెడ్‌గా ఉన్నారు. ఏ గోడ ఆంటీ?" అన్నాడు. నాకంటే పదిహేనేళ్ళు కూడా చిన్నవాడు కాడు, అయినా ఆంటీనే. గోడ చూపించాను. ఆరో రంగు. ఈసారి నారింజ.

రోలర్ల ట్రేల కోసం స్టోర్‌రూమ్‌లోకి వెళ్ళాను. వెనక తలుపు నెమ్మదిగా తెరుచుకుంది. మడత పెట్టిన సంచులు చేత్తో పట్టుకుని ఆమె.

సంగతి చెప్పడానికి నోరు తెరిచేలోపల హాల్లోంచి డైరెక్టర్ గొంతు: "ఆంటీ, రోలర్స్ ఎక్కడున్నాయి? నేను వచ్చి తీసుకుంటా."

ఆమె ఆ గొంతు గుర్తుపట్టింది. గోడకు అతుక్కుపోయింది. ఆ పది నిమిషాల వీడియో కాల్‌లో మాట్లాడింది ఆ గొంతేనని నాకు తర్వాత తెలిసింది.

మిగిలిపోయిన టీ షర్టుల పెట్టె నా కాలి దగ్గరే ఉంది. ఒకటి తీసి ఆమె తల మీదుగా దించేశాను. కుర్తీ మీదే. చేతులు దూర్చడానికి నేనే సాయం చేశాను, చిన్నపిల్లకు స్వెట్టర్ తొడిగినట్టు. ఎక్స్‌ట్రా లార్జ్. మోకాళ్ళ దాకా వచ్చింది. సంచులు లాక్కుని బస్తాల వెనక్కి విసిరేశాను. అతను లోపలికి వచ్చాడు.

ఆమెను చూసి ఆగిపోయాడు. ముఖంలో రంగు మారింది. పాపం, ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నట్టున్నాడు.

"ఈవిడ కూడా వాలంటీరే" అన్నాను. "నేనే రమ్మన్నాను."

అతని ముఖం విప్పారింది. ఒక మనిషి ముఖంలో అంత తొందరగా అంత ఊరట నేనెప్పుడూ చూడలేదు. "వావ్," అన్నాడు, "మీరు అమేజింగ్ అండీ. ఇంత కష్టంలో కూడా సర్వీస్‌కి వచ్చారా. టీమ్‌కి చెప్పాలి ఇది." చెప్పాడు. హాల్లోకి తీసుకువెళ్ళి అందరికీ చెప్పాడు. ముప్పై ఏడు మంది చప్పట్లు కొట్టారు. ఇద్దరు ఆడపిల్లలు వచ్చి కౌగిలించుకున్నారు. ఎవరో చేతికి రోలర్ ఇచ్చారు.

ఆమె రెండున్నర గంటలు గోడకు రంగు వేసింది.

నేను చూస్తూనే ఉన్నాను. మధ్యలో నాలుగుసార్లు పిలవబోయాను, ఏమని పిలవాలో తెలియక వెనక్కి వచ్చాను. బాబాయ్ గారు సంగతి గ్రహించి ఒక మూల నుంచి కదలలేదు, చేతిలో డబ్బా, కళ్ళు ఆమె మీద. డైరెక్టర్ నిచ్చెన ఎక్కి పైభాగం తానే వేస్తూ, "కార్నర్స్ మీరు చాలా నీట్‌గా వేస్తున్నారండీ" అని మెచ్చుకున్నాడు. ఫోటోగ్రాఫర్ వచ్చి ఆమెను మధ్యలో నిలబెట్టాడు. రోలర్ పైకెత్తమన్నాడు. ఎత్తింది. నవ్వమన్నాడు. నవ్వింది. పిజ్జాలు వచ్చాయి, తినమని అందరూ బలవంతం చేశారు. ఉపవాసం అని చెప్పింది. బియ్యం నింపుకుపోవలసిన ఆమె సంచులు బస్తాల వెనకే ఉండిపోయాయి.

పన్నెండున్నరకు అందరూ కలిసి బయటికి కదిలారు. ఆమెను మధ్యలో పెట్టుకుని నడిపించి, కారు దాకా వచ్చి, తలుపు తీసి ఎక్కించి, చేతులు ఊపారు. వాళ్ళు చేతులు ఊపుతూ ఉంటే ఆమె ఖాళీ డిక్కీతో కారు తిప్పుకుని వెళ్ళిపోయింది.

అప్పటికి నా కోపం హద్దు దాటింది. ఎవరి మీద అంటే అందరి మీద. ఆ టీ షర్టుల మీద, ఆ పిజ్జాల మీద, ఆ గోడ మీద. ఆ వేడిలోనే ఇంకో తప్పు చేశాను. సంచులు నింపి, మా పోస్టాయనను తీసుకుని, రిజిస్టర్‌లో అడ్రసు చూసుకుని, వ్యాన్‌లో నేరుగా ఆమె అపార్ట్‌మెంట్‌కి వెళ్ళాను. దారిలో ఆయన ఒక్క మాట అన్నాడు, ఇంగ్లీష్‌లో, మెల్లగా: "వెళ్ళే ముందు ఫోన్ చేయాల్సిందేమో." నేను వినిపించుకోలేదు.

తలుపు ఆమే తీసింది. టీ షర్టు లేదు, చెంప మీద నారింజ చుక్క ఉంది. సంచులు చూసింది, నన్ను చూసింది, నా భుజం మీదుగా కిందికి చూసింది.

"వ్యాన్ అక్కడ్నే ఆపిన్రా ఆంటీ?"

అప్పుడు నేనూ వెనక్కి తిరిగి చూశాను. ఆమె బ్లాక్ గుమ్మం ఎదురుగా, విజిటర్ పార్కింగ్‌లో, మా వ్యాన్. దాని పక్క భాగం మీద నిలువెత్తు అక్షరాల్లో ఫుడ్ ప్యాంట్రీ అన్న పేరు, కింద ఆకలితో ఎవరూ పడుకోకూడదు అన్న మాట, అందరికీ కనబడాలని నేనే పట్టుబట్టి రాయించినది. ఎదురు బ్లాక్ బాల్కనీలో లాప్‌టాప్ ముందు కూర్చున్న ఒకాయన దాన్ని తీరిగ్గా చదువుతున్నాడు.

లోపలికి రమ్మంది. తలుపు వేసింది. సంచులు ఆమె భర్త అందుకున్నాడు, వంటింట్లోకి వెళ్ళిపోయాడు. నేను క్షమించమని మొదలుపెట్టాను. నిన్ను కాపాడాలనే అలా చేశాను అన్నాను.

"కాపాడలే ఆంటీ" అంది. గొంతు పెంచలేదు. "దాచిన్రు. నేను వెనక డోర్‌కెంచి వెళ్ళిపోతుంటి కదా, రెండడుగులు ఉండె. మీరే టీ షర్ట్ తొడిగిన్రు. ఆయన నన్ను చూస్తే ఏమయితుండె? నా జాబ్ తీసేసినాయన. నేను బియ్యం కోసం వచ్చిన్నని తెలిస్తే ఆయన సిగ్గుపడాలె. నేనెందుకు రెండున్నర గంటలు నవ్వాలె?"

ఎవరూ చూడకూడదన్నది ఆమె కోరికే కదా అని ఒక్క క్షణం అనిపించింది. కాని ఆమె అడిగింది ఎవరూ లేని తలుపు. నేను ఇచ్చింది వేషం.

సోమవారం ఆ కంపెనీ పేజీలో ఫోటో వచ్చింది. మధ్యలో ఆమె, రోలర్ ఎత్తి, నవ్వుతూ. కింద రాశారు: ఉద్యోగం మారినా మా కుటుంబం మారదు అని. ఉద్యోగం మారడమట. ఆ మాట చదివి నేను ఆఫీసులో కుర్చీలోంచి లేచి నిలబడ్డాను, ఎవరూ లేకపోయినా. డైరెక్టర్‌కి ఫోన్ చేశాను. ఫోటో తీసేయండి అన్నాను.

"ఎందుకు ఆంటీ? ఈ ఇయర్‌లో మా బెస్ట్ పోస్ట్ అది. అసలు నేనే మీకు కాల్ చేద్దామనుకున్నా. ఆవిడకి వాలంటీర్ అవార్డ్ నామినేట్ చేస్తున్నాం. సర్టిఫికెట్, మా లోగో ఉన్న కప్పు ఇస్తాం."

ప్యాంట్రీకి ఎవరు వచ్చారో బయట చెప్పకూడదని మా నియమం. మంచి నియమం, నేనే రాసింది. దానివల్ల నేను పళ్ళు బిగించి, "ఆవిడకు ఇష్టం లేదు" అని మాత్రం అనగలిగాను. "అయ్యో, హంబుల్‌గా ఉంటారు ఆవిడ, నాకు తెలుసు" అన్నాడు.

నేను ఆమెకు ఫోన్ చేసి కప్పు సంగతి చెప్పాను. అటునుంచి ఒక వింత శబ్దం వచ్చింది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. "కప్పా ఆంటీ?" అంది. నేనూ నవ్వాను. ఇద్దరం ఫోన్ పట్టుకుని చాలాసేపు నవ్వాం. తర్వాత ఆమె గొంతు సవరించుకుని, "నేను మాట్లాడుత. మీ దగ్గరికి వచ్చి మాట్లాడుత. మీరు ఉండాలె" అంది.

మర్నాడు మంగళవారం. హాలు నిండా జనం. ఆమె ముందు తలుపులోంచి వచ్చింది. నా గదిలో కూర్చుని అతనికి ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేసింది.

"సర్, ఆ ఫోటో తీసేయండి."

"ఆంటీ చెప్పారు. కానీ యు వర్ సో ఇన్‌స్పైరింగ్ అండీ, మోడెస్టీ అక్కర్లేదు."

"నేను పెయింట్ వేయనీకి రాలే సర్. బియ్యం కోసం వచ్చిన. మీరొస్తున్నరని తెల్వక వచ్చిన."

హాల్లో ఎవరో బండి తోస్తున్న చప్పుడు స్పీకర్‌లో అతనికి వినబడి ఉంటుంది.

"నాకు తెలియదండీ," అన్నాడు చివరికి. "మీరు చెప్పాల్సింది."

"మీరు అడగలే సర్. ఎట్లున్నవ్ అని ఎవ్వరూ అడగలే. కార్నర్స్ నీట్‌గా ఉన్నయన్నరు."

ఫోన్ పెట్టేసింది. పది నిమిషాల్లో ఫోటో పోయింది. ఆమె లేచి, బయటికి వెళ్ళి, క్యూలో చివర నిలబడింది. తన వంతు వచ్చాక బాబాయ్ గారు ఆమెకు సంచి పట్టుకున్నారు. "కందిపప్పు ఈసారి కొత్త బస్తాదమ్మా, త్వరగా ఉడుకుతుంది" అన్నారు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. గురువారం మా బోర్డు అధ్యక్షురాలు నన్ను పిలిచింది. ఆమె చెడ్డ మనిషి కాదు, బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరై, ప్యాంట్రీ కోసం ఎండలో వానలో తిరిగిన మనిషి. కంపెనీ నుంచి ఒక ఈమెయిల్ వచ్చిందని చదివి వినిపించింది. మర్యాదైన ఇంగ్లీష్. సేవాదినం చాలా బాగా జరిగిందని, కాకపోతే ఒక చిన్న సూచన అని, ఇకపై వాలంటీర్లు, లబ్ధిదారులు ఒకరికొకరు ఎదురుపడకుండా ప్యాంట్రీ వాళ్ళు జాగ్రత్త తీసుకోవాలని, దీనివల్ల తమ ఉద్యోగులు ఇబ్బందికి గురయ్యారని.

ఇబ్బందికి గురైంది వాళ్ళట.

"ఒక చిన్న అపాలజీ లెటర్ రాసి పంపండి" అంది ఆమె. "రెండు లైన్లు చాలు. మనకు వాళ్ళు కావాలి."

"తప్పు చేశాను, నిజమే," అన్నాను. "కాని వాళ్ళ విషయంలో కాదు."

"పోనీ నా కోసం రాయండి."

"మీ కోసం బస్తాలు మోస్తాను. ఇది రాయను."

ఆమె సరే, నేనే రాస్తాను అంది. రాసింది. అయినా ఆ కంపెనీ మళ్ళీ రాలేదు. ఆ ఏడాది చివర ఇవ్వవలసింది కూడా ఇవ్వలేదు. ఆ లోటుకు నన్ను తప్పుపట్టినవాళ్ళు బోర్డులో ఉన్నారు. వాళ్ళ లెక్కలో వాళ్ళు సరైనవాళ్ళే కావచ్చు. నా ముఖం మీద ఆ మాట అన్నవాళ్ళతో నేను రిటైరయ్యేదాకా సరిగ్గా మాట్లాడలేదు. ఆ విషయంలో నేనేమీ గొప్పగా ప్రవర్తించలేదు.

మీరు ఈ పనికి వస్తున్నారు కాబట్టి చెబుతున్నాను. కర్టెన్లు ఇచ్చినవాళ్ళ మీద కోపగించుకోవడం సులువు. నాకు అన్నేళ్ళు అదే అలవాటు. ఆ కోపం చాటున, తీసుకునేవాళ్ళు తలవంచుకుని వెనక తలుపులోంచి రావడమే పద్ధతి అని నేనూ అనుకుంటున్నానని నాకు తెలియలేదు. నేను ఏర్పాటు చేసిన శుక్రవారాలకీ ఆ ఈమెయిల్‌కీ మధ్య ఉన్న తేడా ఎంత అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. ఉంది, తేడా ఉంది. కాని నేను అనుకున్నంత లేదు.

ఆ వారాంతంలో క్షమాపణ ఉత్తరం రాశాను, ఆమెకి. చేత్తో, తెలుగులో, ఒక పేజీ. చాలాసార్లు చింపి మళ్ళీ రాశాను. మంగళవారం ఆమె క్యూలో ఉన్నప్పుడు చేతికిచ్చాను. బ్యాగులో పెట్టుకుంది. ఆ తర్వాత రెండుసార్లు వచ్చింది, దాని గురించి ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

అరవై రోజులు ఇంకా మూడు రోజుల్లో ముగుస్తాయనగా ఆమెకు జార్జియాలో, కమ్మింగ్ దగ్గర, ఒక కాంట్రాక్ట్ ఉద్యోగం దొరికింది. బయల్దేరే రోజు పొద్దున్న కారు నిండా సామాను, పైన కట్టిన పరుపు, వెనక సీట్లో పిల్లలు, భర్త డ్రైవింగ్ సీట్లో, అలా మా ముందు తలుపు దగ్గరికి వచ్చి ఆగారు. ఆమె ఒక్కతే దిగింది. బాబాయ్ గారి కాళ్ళకు దండం పెట్టింది. పోస్టాయనకు చేయి అందించింది. నా దగ్గరికి వచ్చి బ్యాగులోంచి నా ఉత్తరం తీసి విప్పింది. మడతల దగ్గర నలిగి ఉంది. చాలాసార్లు చదివినట్టుంది.

"బాగ రాసిన్రు ఆంటీ. ఒక్కటి మాత్రం ఉంది" అని వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ, 'నిన్ను కాపాడాలనే ఉద్దేశంతో' అని రాసిన్రు. అది తీసేయండి. మిగిలింది నేను ఉంచుకుంట."

జేబులోంచి పెన్ను తీసి, కారు బానెట్ మీద కాగితం పెట్టి, ఆమె చూస్తుండగా ఆ మాటలు కొట్టేసి ఇచ్చాను.